ముట్లుడుగు దశ – శ్రామిక స్త్రీ హక్కులు
(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



వేతనములు, బోనసు, పనిగంటలను గురించి మనము అనేక సభలలో చర్చించుచున్నాము. స్త్రీలు నలుగురిలో పలుకుటకు సంకోచించు ఒక విషయమును నేడు మీ ముందుంచుచున్నాము. అది ముట్లుడుగుటకు ముందు వచ్చు దశ.

మన దేశములో స్త్రీలకు సగటున 46, 47 ఏండ్లకు ముట్లుడుగును. అంతకు కొన్ని సంవత్సరముల ముందే నెలసరి క్రమము తప్పును. అధిక రక్తస్రావము, ఒంటినుండి వేడి ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, చిరాకు పలువురిని బాధించును. కొందరికిది నలుబది ఏండ్లు నిండకమునుపే ఆరంభమగును. అప్పటికి ఇంట బడికి పోవు పిల్లలు, మంచము పట్టిన పెద్దలు ఉందురు. రాత్రి కంటికి కునుకు లేని స్త్రీ తెల్లవారకముందే వంట ముగించి మొదటి షిఫ్టుకు పరుగెత్తవలసి యున్నది. ఇంట సోమరి అనియు, పనిలో ఉత్పత్తి తగ్గినదనియు మాట పడుచున్నది.

కొందరికి ఈ దశను ప్రకృతి కాదు, పని పరిస్థితులే ముందుగా తెచ్చిపెట్టుచున్నవి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా ఇందుకు సాక్ష్యము. అచ్చటి చెరకు కూలీలలో భార్యాభర్తలను ఒక జంటగా లెక్కించి మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తీసికొనిపోవుదురు. ఒకనాడు పని మానినచో జరిమానా. 2019లో ఒక విచారణ కమిటీ 82,309 మంది స్త్రీల వివరములు సేకరింపగా, 13,861 మంది గర్భసంచి తీయించుకొన్నట్లు తేలినది. తెలుగు రాష్ట్రములకు ఇది పరాయి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశమంతటా నూటికి 3 చొప్పున ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8కి పైగా ఉన్నారు.

అండాశయములు కూడ తీసివేసినచో ముట్లుడుగు దశ ఒక్కసారిగా వచ్చిపడును. ఎముకలు పెళుసుబారును, గుండెజబ్బు ప్రమాదము హెచ్చును. అండాశయములు ఉంచినను ఆ దశ ముందుగా రావచ్చును. కనుక రక్తస్రావము అధికమైనచో మొదట పరీక్ష, పిదప మందులు, తప్పనిసరియైననే ఆపరేషన్. అనవసర ఆపరేషన్లను అరికట్టు మార్గదర్శకములను అమలుపరచవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము కాన్పుకు, గర్భస్రావమునకు సెలవు చూపినది. ఈ దశను గూర్చి పలుకలేదు. ఇ.ఎస్.ఐ. సభ్యురాలు అర్హత కలిగియున్నచో, డాక్టరు సర్టిఫికెట్టుపై ఏడాదికి 91 దినముల వరకు వేతనములో నూటికి 70 చొప్పున పొందవచ్చును. ఈ సంగతి ప్రతి సోదరికి తెలియజేయవలెను.

మా కోరికలు గొప్పవి కావు. పనిచోటికి దగ్గరగా నీరున్న మరుగుదొడ్డి, కూర్చొనుటకు బల్ల, గాలి వచ్చు విశ్రాంతి గది, కోరినపుడు షిఫ్టు మార్పు, కూలి కోతలేని సెలవు. వీనిని ప్రతి శాఖ తన డిమాండ్ల పత్రములో చేర్చవలెనని కోరుచున్నాము.

పురుష సోదరులకు ఒక మాట. యజమాని ముందు న్యాయమడుగు మనము, ఇంటి పనిలో సగపాలు పంచుకొనుట కూడ ఆ న్యాయములోనిదే. భార్య అలసటను గుర్తించి ఆమెను ఆసుపత్రికి తోడ్కొనిపోవుటకు ఏ చట్టము కొరకును వేచియుండనక్కరలేదు.