ఊళ్లో బండి ఎంత వేగంగా పోవాలి?

(మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మహిళల హక్కుల సభలో రోడ్ల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన రోజు ఎలా గడుస్తుందో చూడండి. పిల్లల్ని అంగన్‌వాడీలో దింపాలి, రేషను తేవాలి, కూలికి పోవాలి, బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడాలి. చాలావాటికి నడిచే పోతాం. ఇంట్లో బండి ఉన్నా తాళంచెవి మగవాళ్ల జేబులోనే ఉంటుంది.

ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లు.

మేం కొందరం మా మండలం రోడ్డు వెంట నడిచి వేగం బోర్డులు రాసుకున్నాం. ఒక ఊరి మొదట్లో 40 అని ఉంది. ఆ ఊరు దాటకముందే 60 అయింది. పక్క ఊళ్లో బడి ముందు బోర్డే లేదు. ఇంకోచోట ఉంది గానీ, దానిమీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు! ఇలా అంకె పూటకోరకంగా మారుతుంటే డ్రైవరు దాన్ని లెక్కచేయడు. అతన్నొక్కణ్ణే తిట్టి ఏం లాభం?

30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు పోతుంది. 60 అయితే దాదాపు 17 మీటర్లు. అడ్డొచ్చిన పిల్లను చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే సుమారు ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని కోరింది. మన కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ పురపాలక పరిధిలో కార్లకు 70 దాకా అనుమతించింది!

ప్రాణం పోతే రాస్తారోకో చేస్తాం, స్పీడు బ్రేకరు వేస్తారు. దానికి రంగుండదు, ముందు బోర్డుండదు. బండి వెనక ఒకవైపుకు కూర్చున్న ఆడవాళ్లు అక్కడే ఎగిరిపడతారు.

చట్టంలో దారి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతానికి గానీ, ఒక్క రోడ్డుకు గానీ రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, వేగం తగ్గించవచ్చు. గెజిట్‌లో ప్రకటించి బోర్డులు పెట్టాలి. నెలకు మించని ఆంక్షకైతే గెజిట్ కూడా అక్కర్లేదు. జాతర రోజులకు ఇది సరిపోతుంది.

అడ్డంకులు లేని కాలిబాట పాదచారుల హక్కని, అది 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊళ్లలో కాలిబాటలెక్కడున్నాయి? రోడ్డే మన కాలిబాట. అందుకే ఊరి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా, ప్రతి ఊళ్లోనూ, ఒకే వేగం 30 అని అడుగుదాం.

ఊళ్లో 30 అంటే ప్రయాణం ఆలస్యమవుతుందంటారు. కిలోమీటరు ఊరిని 60తో దాటితే ఒక నిమిషం, 30తో అయితే రెండు. ఆ ఒక్క నిమిషం కోసమా?

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. రోడ్డు ఏది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, బడి, అంగన్‌వాడీ, బస్టాపు ఎక్కడున్నాయి అన్నీ రాయండి. ప్రతిని కలెక్టరుకూ, రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖ ఇంజనీరుకూ ఇవ్వండి. రసీదు తీసుకోకుండా మాత్రం బయటికి రావద్దు.