అటారీ దాటి లాహోరుకు



వడమాలపేట వాళ్ళం మేము లాహోరుకు ఎందుకు వెళ్ళామని చాలామంది అడుగుతుంటారు. మా అమ్మీకి ఒక్కతే అక్క. పెళ్ళయి అక్కడికి వెళ్ళింది. ఆమెను చూపించాలనే 2014లో అమ్మీని వెంటబెట్టుకొని బయలుదేరాము.

ఢిల్లీ దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి సంఝౌతా ఎక్స్‌ప్రెస్. సిమ్లా ఒప్పందం పుణ్యమా అని 1976 జూలై 22న మొదలైన రైలది. అటారీలో సామానంతా దింపి తనిఖీ. సరిహద్దు దాటాక వాఘాలో మళ్ళీ తనిఖీ. దూరం కొంచెమే గాని పొద్దంతా పట్టింది. అమ్మీ మూటలోని చింతపండు చూసి అక్కడి ఉద్యోగి నవ్వి వదిలేశాడు.

లాహోరులో ఉన్నది నాలుగు రోజులే. ఔరంగజేబు కట్టించగా 1673లో పూర్తయిన బాద్షాహీ మసీదు, దాని ముంగిట ఇక్బాల్ సమాధి చూశాము. బజారులో మా "నక్కో" విని అందరూ నవ్వారు. ఉర్దూ పంతుళ్ళమని చెప్పుకోవడానికి మాకే సిగ్గేసింది! ఇంట్లో అక్కాచెల్లెళ్ళు మాత్రం రాత్రంతా తెలుగులోనే మాట్లాడుకున్నారు. అన్నేళ్ళయినా ఖాలా ఒక్క మాట మరవలేదు.

2019 ఆగస్టులో ఆ రైలు ఆగిపోయింది. ఇప్పుడు ఫోనులో ముఖం కనబడుతుంది, చెయ్యి పట్టుకోవడానికి లేదు. మీ ఇళ్ళల్లోనూ దూరాన అక్కలు, అన్నలు ఉంటారు. రైలు పోయే ఊళ్ళో ఉన్నవారినైనా ఈ ఏడు పోయి చూసి రండి. అదే మా మనవి.