గూగూడులో విడిది

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడుకు మొహరం దినాలలో హిందువులు, ముస్లిములు కలిసి తరలివస్తారు. కుళ్లాయిస్వామికి చక్కెర చదివింపులు చేయించి, అగ్నిగుండం చూచి, మొక్కులు తీర్చుకొంటారు. ఊరు చిన్నది, వచ్చే జనం అపారం. కనుక బండి దిగినవానికి తొలి విచారం విడిదిని గూర్చినదే. చెట్టునీడను దుప్పటి పరచి, మూడు రాళ్ళు పేర్చి పొయ్యి ముట్టించామా, ఆ చోటు మనదైనట్లే.

అయితే ఈ ఉత్సవానికి ఒక విశేషమున్నది. మొహరం ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. నడివేసవిలో వచ్చిననాడు కోతలైన మెట్టచేలన్నీ విడిదులే. 2023, 2024, 2025 సంవత్సరాలలో జూలై నెలలో వచ్చింది. అది ఈ సీమలో వేరుసెనగ విత్తే కాలం.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచే నేల ఇది. ఒక్క పదునులో వేసిన విత్తు రైతుకు ఏడాది బ్రతుకు. ట్రాక్టరు చక్రాల క్రింద నేల గట్టిపడితే మొలక పైకి రాదు. మరల విత్తుదామంటే విత్తనాలు దొరకవచ్చును గాని, పోయిన పదును తిరిగి రాదు.

అందుచేత విడిది వెదికేవారు నీడకన్న ముందు నేలను చూడవలెను. విత్తిన చాళ్ళు కనిపిస్తే దూరంగా తొలగవలెను. బీడైనా సరే, "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ దిగుతాము" అని ఆసామిని అడగడం మర్యాద. వెళ్ళేటప్పుడు నిప్పులార్పి, పొయ్యిరాళ్ళు గట్టున పెట్టవలెను. మన మొక్కు చెల్లినచోట రైతు పంట చెడరాదు గదా!