చీటీ అడుగున పుట సంఖ్య



తెలుగు పరిశోధకుల సభలో అధ్యక్షోపన్యాసం అంటే నన్నయ దగ్గర బయల్దేరి నేటి కవి దాకా ఒక ప్రదక్షిణ చేసి రావడం రివాజు. ఈసారి నాకు ఆ ఓపిక లేదు, మధ్యాహ్నం భోజనం దాకా కూర్చోవలసిన మీకూ ఉండదు. మనం సభల్లో ఎప్పుడూ ఎత్తని సంగతి ఒకటుంది. పరిశోధకుడి బల్ల మీద ఏముంటుంది, చదివింది ఎక్కడ దాచుకుంటాడు, దాచుకున్నది అవసరానికి ఎలా బయటికి తీస్తాడు? పనిముట్ల సంగతి అన్నమాట. కమ్మరికి కొలిమి గురించి మాట్లాడటం నామోషీ కాదు. మనకే ఎందుకో నామోషీ.

1984లో నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు నా ఆస్తి ఒక బూట్ల డబ్బా, ప్రెస్సులో పోస్టుకార్డు సైజుకు కోయించుకున్న అట్టముక్కలు, రెండు రంగుల సిరా. మా గురువుగారు పెట్టిన నియమం చిన్నదే. చీటీకి ఒక్క విషయం, అడుగున పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య. ఒక సాయంత్రం లైబ్రరీ కట్టేసే వేళ, అటెండరు ఒక్కొక్క ఫ్యానే ఆపుకుంటూ నా బల్ల వైపు వస్తుంటే, గబగబా ఒక వాక్యం ఎక్కించుకుని పుట సంఖ్య వేయకుండా లేచొచ్చాను. నాలుగేళ్ల తర్వాత సిద్ధాంత గ్రంథం టైపు చేయిస్తుండగా ఆ చీటీ చేతికొచ్చింది. చూస్తే మూడో అధ్యాయం బరువంతా దాని మీదే ఉంది. రాత్రి బస్సెక్కి వెళ్లాను. పుస్తకం బైండింగుకు పోయిందన్నారు. రెండు నెలలకు వచ్చింది. నా వాక్యం దొరికింది కానీ, బైండరు అంచులు సమం చేయడానికి వేసిన కోతలో ఆ పేజీ అంకె సగం ఎగిరిపోయింది! ముందు పేజీల నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి అంకె వేసుకున్నాను.

అందుకే పనిముట్టు అనగానే అందరూ వేగం గురించి అడుగుతుంటే నేను వేరే ప్రశ్న వేస్తాను. మూడేళ్ల తర్వాత నిన్నుగానీ, నీ తర్వాత వచ్చే ఇంకొకరినిగానీ ఇది సరిగ్గా ఆ పుస్తకంలో ఆ పేజీకి తీసుకెళ్లగలదా? తీసుకెళ్తే మంచి పనిముట్టు. లేకపోతే ఎంత ఖరీదైన యాప్ అయినా బొమ్మే.

చీటీల మాట వచ్చింది కాబట్టి ఒకాయన గురించి చెప్పాలి. జర్మనీలో బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో నిక్లాస్ లూమన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. 1998లో పోయాడు. చెక్క అరల్లో సుమారు 90,000 చీటీలు మిగిల్చి వెళ్లాడు. ఆయన కిటుకు చీటీల లెక్కలో లేదు. ప్రతి చీటీకి ఒక అంకె ఉండేది, ఆ అంకెను ఇంకో చీటీ మీద రాసుకునేవాడు. అలా ఒక చీటీ ఇంకోదాన్ని పలకరించేది. ఆయన పేరు చెప్పి ఇప్పుడు బోలెడు యాప్‌లు వచ్చాయి. వాటిలో రంగులు, గొలుసులు, ట్యాగులు సర్దుకుంటూ ఆరు నెలలు గడిపి ఒక్క చీటీ కూడా రాయని విద్యార్థులను నేను చూశాను. కత్తి నూరడమే వంట అనుకుంటే పస్తే.

మన ఇంట్లోనే ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు, అది వ్యవసాయ పదాలది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. మేడి, కర్రు, కాడి లాంటి మాటలను రైతు నోటి నుంచి విని రాసుకోవడం సగం పనే. ఏ మాట ఏ ప్రాంతానిదో దానితోపాటే కట్టి ఉంచడం మిగతా సగం. కంప్యూటరు లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఆ రెండో సగం లేకపోతే పదకోశం కాదు, మాటల కుప్ప.

ఇక ఇప్పటి పనిముట్లకు వద్దాం. జొటెరో అనేది అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్రకారులు 2006లో తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. పుస్తకాల వివరాలు దాచి, మీరు రాస్తున్న వ్యాసంలో ఉపయుక్త గ్రంథాల పట్టిక తానే కడుతుంది. మంచిదే. కానీ మన పేర్ల దగ్గర తడబడుతుంది. ఇంటిపేరు ఒక గడిలో, వ్యక్తి పేరు ఇంకో గడిలో వేయమంటుంది. కవులు రాయప్రోలు, నండూరి ఇద్దరూ సుబ్బారావులే. గడులు తారుమారైతే ఇద్దరూ పట్టికలో ‘స’ కింద ఒకరి పక్కన ఒకరు కూర్చుంటారు. సరిగ్గా వేస్తే రాయప్రోలుకూ సుబ్బారావుకూ మధ్య కామా దిగుతుంది. ఆ రెండు గడులను కలిపి ఒకే గడిగా మార్చే చిన్న బొత్తాం అక్కడే ఉంది. అది నొక్కి, పేరు మనం పిలుచుకునే వరసలోనే వేయండి. ‘ర’ దగ్గర రాయప్రోలు, ‘న’ దగ్గర నండూరి ఎవరి చోట వారుంటారు. ఈ ముక్క తెలియక నా విద్యార్థిని ఒకామె రెండు వందల పేర్లు చేత్తో దిద్దుకుంది.

అంతకంటే పెద్ద తంటా అక్షరాలది. డీటీపీ సెంటరులో పాత ఫాంట్లతో కొట్టించిన సిద్ధాంత గ్రంథం తెర మీద ముత్యాల్లాంటి తెలుగు. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గజిబిజి. అందులో ‘శ్రీనాథుడు’ అని వెతికితే ఒక్కచోట కూడా దొరకడు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే చోటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ‘మా డీటీపీ అతనికి అది రాదు సార్’ అంటే నేను ఒప్పుకోను. టైపు మీరే నేర్చుకోండి, రెండు వారాల పని. సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో చేరిన మీ గ్రంథాన్ని శ్రీకాకుళంలోనో సింగపూరులోనో కూర్చున్నవాడు వెతికితే దొరకాలి కదా.

యూనికోడ్ కూడా గంగిగోవు కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట వత్తు తర్వాత వ వత్తుగా దిగిపోకుండా ఆపేందుకు కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాం. ఒకచోట అది పెట్టి ఇంకోచోట మరిస్తే, కొన్ని ప్రోగ్రాములకు అవి రెండు వేర్వేరు మాటలు. ఎంకి, యెంకి, రాత, వ్రాత, ఇవీ అంతే. వెతికేటప్పుడు రెండు రూపాలూ వెతకండి.

పనిముట్ల తర్వాత సమయం సంగతి. పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనలు కనీసం 3 ఏళ్లు, మామూలుగా ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ల గడువు ఇచ్చాయి. ఆ గడువులో చదువుకునే గంటలెన్ని? ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింటి టమాటా గడియారం తిప్పి, 25 నిమిషాలు పని, కాసేపు విరామం అని 1980ల చివర్లో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బాగానే ఉంది. అయితే మాతో చదివిన ఒకామెకు గడియారం పాలవాడు. పొద్దున్నే నాలుగున్నరకు లేచి, పాల గిన్నె కోసం తలుపు తట్టేదాకా రాసుకునేది. గడియారం ఎవరు కొట్టినా ఫరవాలేదు, ఆ గంట మీద ఇంట్లో వాళ్ల చెయ్యి పడకపోతే చాలు. మగ పరిశోధకులకు ఈ మాట ఎందుకో వింతగా ఉంటుంది.

కృత్రిమ మేధ గురించి చెప్పకుండా దిగనివ్వరు. పోయిన నెల ఒకబ్బాయి యక్షగానాల మీద వ్యాసం తెచ్చాడు. అందులో ఒక పుస్తకం పేరు, ప్రచురణ ఊరు, సంవత్సరం, పుట సంఖ్య అన్నీ ఉన్నాయి. నేనెరుగని పుస్తకమా అని సంబరపడి రెండు రోజులు వెతికాను. అలాంటి పుస్తకం అచ్చే కాలేదు. చాట్‌బాట్ చెప్పిందన్నాడు. నా చీటీకి పుస్తకం ఉంది, పుట సంఖ్య లేదు. అతని చీటీకి పుట సంఖ్య ఉంది, పుస్తకం లేదు! అనువాదం సరిచూడటానికి, పాత అచ్చు ఫొటోలోంచి అక్షరాలు లాగడానికి కృత్రిమ మేధను వాడుకోండి. అరసున్నలు, బండి ఱలు మాత్రం మీ కళ్లతో మళ్లీ చూసుకోండి.

ఫోనుల్లో మీరు తీసుకున్న పుస్తకాల ఫొటోలకు ఇప్పటికీ కెమెరా పెట్టిన అంకెలే పేర్లుగా ఉన్నాయని నాకు తెలుసు. మధ్యాహ్నం సదస్సులో ముందు వాటి పేర్లు మార్చే పని పెట్టాం. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోనులోనే చేయవచ్చు. నా పాత చీటీల పెట్టె కూడా వెనక బల్ల మీద పెట్టించాను, చూడదలచినవాళ్లు చూడండి. ‘చ’ అర ఇరుక్కుపోతుంటుంది, కాస్త మెల్లగా లాగండి.