నీరు నిలిచిన చేనిలో పైరు ఎందుకు పస్తుండును?

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ముసురు వెలిసిన తరువాత మొక్కజొన్న చేనిలోనికి వెళ్లి చూచెదరు. నాలుగు దినములుగా నీరు నిలిచి, ఆకులు పసుపు రంగుకు తిరిగి యుండును. బలము చాలలేదని వెంటనే ఒక బస్తా యూరియా చల్లుదురు. నేను కళాశాలలో చేరక పూర్వము మా చేనిలోను ఇదే చేసితిమి. పైరు పచ్చబడలేదు, బస్తా ఖర్చు మిగిలినది.

వేరు చుట్టును ఆహారము ఉండగా మొక్క ఏల తినలేదు?

వేరు కొనకు కొంచెము వెనుకగా మూలకేశములు అను సన్నని నూగు ఉండును. ఒక్కొక్క కేశము ఒక సజీవ కణపు భాగమే. ఆ కణపు పొర అన్నిటిని ఒకే తీరుగ రానీయదు.

ఇంటిలో ఒక మూల సాంబ్రాణి వేసిన పొగ ఇల్లంతయు కమ్మును గదా! ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి పదార్థము తనంతట తానే పోవుటను వ్యాపనము అందురు. ప్రాణవాయువు వేరులోనికి ఈ విధముగనే పోవును. కాలువ నీరు పల్లమునకు పారినట్లే. మొక్కకు ఖర్చు లేదు.

పోషకముల సంగతి అట్లు కాదు. మట్టి నీటిలో కన్న కణము లోపల పొటాషు వంద రెట్లు, భాస్వరము వేయి రెట్లు ఎక్కువగా ఉండుట సామాన్యము. నిండిన గాదెలోనికి ఇంకను ధాన్యము ఎక్కించవలెనన్న కూలి ఈయవలెను. దీనినే చురుకైన రవాణా అందురు. కణపు పొరలోని కొన్ని మాంసకృత్తులు ఉదజని అయానులను బయటికి తోడును; ఆ బలముతో నైట్రేటు, భాస్వరము లోనికి లాగబడును. ఇందుకు కావలసిన శక్తి ఎ.టి.పి. అను పదార్థము నుండి వచ్చును. ఆకు పంపిన చక్కెరను వేరు శ్వాసించి దహించిననే ఇది తగినంత తయారగును. బావి మోటారుకు కరెంటు ఎట్టిదో, వేరుకు ఇది అట్టిది.

ప్రాణవాయువు గాలిలో కన్న నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపించును. మట్టి సందులు నీటితో నిండిన ఒకటి రెండు దినములలోనే ఉన్న ప్రాణవాయువు అయిపోవును. కరెంటు పోయిన పిమ్మట బావిలో నీరు ఎంత ఉన్న ఏమి లాభము? పైగా నేలలోని నైట్రేటు సూక్ష్మజీవుల వలన వాయువుగా మారి ఎగిరిపోవును. వరికి ఆకుల నుండి వేళ్లకు గాలి దారులు గలవు గనుక నీటిలో నిలువగలదు. మొక్కజొన్న, మిరప, ప్రత్తి పైర్లకు ఆ వసతి తక్కువ.

కనుక ముందు బోదెలు తీసి నీటిని బయటికి పంపవలెను. వేళ్లు కోలుకొనుటకు కొన్ని దినములు పట్టును. ఈ లోగా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, ఎండ చల్లబడిన సాయంకాలము ఆకులపై పిచికారి చేయవచ్చును. యూరియా ఆకు పై పొర గుండా వ్యాపనము చేతనే దిగును గాన వేరుతో నిమిత్తము లేదు. త్వరగా పచ్చబడునని మోతాదు పెంచరాదు. ఉప్పు చల్లిన మామిడి ముక్క నీరు ఊరినట్లు, ఆకులోని నీరు బయటికి లాగబడి అంచులు మాడును. నేల పదునుకు వచ్చిన పిమ్మట గుంటక తోలి, అప్పుడు పైపాటు యూరియా వేయవలెను.

సూపరు ఫాస్ఫేటును మాత్రము పైపాటుగా చల్లవద్దు. భాస్వరము మట్టిలో వ్యాపనము చేత ఒక పంట కాలమునకు కొన్ని మిల్లీమీటర్లు మించి జరుగదు. దుక్కిలోనే, వేరు అందుకొను లోతున వేయుడని మేము పదే పదే చెప్పుటకు కారణము ఇదియే.