పాసు కాగితం: అమెరికా బానిసల ఆత్మకథనాల్లో అక్షరాస్యత

అట్లాంటిక్ తీరాల్లో బానిసలుగా బతికి, పారిపోయో, సొమ్ము చెల్లించో స్వేచ్ఛ పొందిన ఆఫ్రికన్ సంతతివారు తమ జీవితాన్ని స్వయంగా రాసుకున్న, లేదా చెప్పి రాయించిన గ్రంథాలను చరిత్రకారులు బానిస కథనాలు అని వ్యవహరిస్తారు. 1789లో లండన్‌లో వెలువడిన ఒలాడా ఈక్వియానో ఆత్మకథ, 1845లో బోస్టన్‌లో అచ్చయిన ఫ్రెడరిక్ డగ్లస్ కథనం, 1861 నాటి హారియెట్ జేకబ్స్ గ్రంథం వీటిలో ముఖ్యమైనవి. తెలుగు పాఠకులలో అధికులకు ఈ ప్రపంచం అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన ‘ఏడు తరాలు’ అనువాదం ద్వారా పరిచయమైంది. అయితే అది బానిసల వారసుడొకరు తన పూర్వీకుల జాడ వెతుక్కుంటూ కల్పన జోడించి రాసిన పుస్తకం. ఈ కథనాలు బానిసత్వాన్ని ఒంటిమీద భరించినవారివి.

ఈ గ్రంథాలలో చదువు నేర్చుకున్న ఘట్టం దాదాపు ప్రతిచోటా ఎదురవుతుంది. విమర్శకులు సాధారణంగా దాన్ని అజ్ఞానం నుంచి జ్ఞానానికి సాగిన ప్రయాణంగా వ్యాఖ్యానిస్తారు. అందులో నిజం లేకపోలేదు గాని, ఆ వ్యాఖ్యానం ఒక్కటే చాలదు. బానిసత్వం కొరడాతో పాటు కాగితం మీద కూడా నిలబడిన వ్యవస్థ: మనిషిని కొన్నట్టు అమ్మకపు పత్రం, మరణించిన యజమాని ఆస్తిలో పశువులతో పాటు మనుషులకూ వెల కట్టిన జాబితా, పారిపోయినవారిని పట్టిస్తే బహుమానమిస్తామని పత్రికల్లో వేయించిన ప్రకటన, ఇవన్నీ రాతతో నడిచినవే. బానిసకు అక్షరం అందకూడదన్న పట్టుదలకు మూలం ఇక్కడుంది.

వీటన్నిటిలోనూ రోజువారీ జీవితాన్ని శాసించింది పాసు. యజమాని తోట దాటి బయట అడుగుపెట్టే బానిస, తాను ఎక్కడికి, ఎంతకాలం, ఎవరి అనుమతితో వెళుతున్నాడో తెలిపే చీటీ దగ్గర ఉంచుకోవాలి; దారిలో గస్తీ దళాలు అడిగినప్పుడు అది చూపలేకపోతే అక్కడికక్కడే కొరడా దెబ్బలు తినాలి. స్వేచ్ఛ పొందిన నల్లవారు సైతం ఆ సంగతి రుజువు చేసే పత్రాలు వెంట పెట్టుకోకుండా తిరగలేకపోయేవారు. 1766లో 40 పౌండ్లు చెల్లించి విముక్తుడైన ఈక్వియానో తన విమోచన పత్రాన్ని ఆత్మకథలో పూర్తిగా అచ్చు వేయించుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కొన్ని పంక్తుల చీటీ మీద మనిషి కదలిక ఆధారపడి ఉన్నప్పుడు, ఆ చీటీని సొంతంగా రాసుకోగలిగిన బానిస యజమాని అధికారాన్ని తన చేతిలోకి తీసుకున్నట్టే.

చట్టాలు చేసినవారు దీన్ని స్పష్టంగా గ్రహించారు. ఆ ప్రాంతంలో బానిసలు చేసిన స్టోనో తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది, 1740లో, దక్షిణ కరోలినా చేసిన శాసనం బానిసలకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా విధించింది. చదవడం నేర్పడాన్ని మాత్రం నిషేధించలేదు. బైబిలు చదివే బానిసను ఆనాటి యజమానులు సహించగలిగారు గాని, కలం పట్టిన బానిసను సహించలేకపోయారు. 1829లో డేవిడ్ వాకర్ బానిసలకు తిరగబడమని పిలుపునిస్తూ ప్రచురించిన కరపత్రం దక్షిణాదికి చేరిన తరువాత పలుచోట్ల చదవడం నేర్పడం కూడా నేరమైంది. 1830 నాటి ఉత్తర కరోలినా శాసనం చదవడం, రాయడం రెండూ నేర్పడాన్ని నిషేధించి, అంకెలు నేర్పడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. బానిస లెక్కపెట్టగలగడం యజమానికి లాభం. ఆ మినహాయింపు చట్టం అసలు ఉద్దేశాన్ని దాచకుండా చెబుతోంది.

డగ్లస్ పెరిగిన మేరీలాండ్‌లో అటువంటి శాసనం లేదు. అక్కడ యజమాని మాటే శాసనం. బాల్టిమోర్‌లో అతడు పనిచేసిన ఇంటి ఇల్లాలు సోఫియా ఆల్డ్ ఆ కుర్రవాడికి అక్షరమాల చెప్పడం మొదలుపెట్టగా, చదువు వస్తే బానిస ఇక బానిసగా ఉండడని భర్త హ్యూ ఆల్డ్ ఆమెను వారించాడు. ఆ హెచ్చరికే తనకు దారి చూపిందని డగ్లస్ రాశాడు. వీధిలోని పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలు ఇచ్చి వారి చేత పాఠాలు చెప్పించుకున్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు కలప దుంగల మీద, అవి ఓడలో ఏ భాగానికి చెందుతాయో తెలిపేందుకు రాసిన ‘ఎల్’, ‘ఎస్’ వంటి గుర్తులు చూసి రాత నేర్చాడు. గోడలూ, కాలిబాటలూ అతనికి పలకలయ్యాయి. 50 సెంట్లు పెట్టి కొన్న ‘కొలంబియన్ ఒరేటర్’ అనే ఉపన్యాసాల పాఠ్యగ్రంథంలో, ఒక బానిస తన యజమానితో వాదించి స్వేచ్ఛ సాధించుకునే సంభాషణ అతన్ని పట్టుకుని వదలలేదు. తన స్థితి ఎంత అన్యాయమో తెలియడం, దాన్నుంచి బయటపడే దారి తెలియకపోవడం, ఈ రెండింటి మధ్య నలిగి, చదువు రాకపోయి ఉంటేనే బాగుండునని అనుకున్న రోజులను కూడా డగ్లస్ దాచుకోలేదు. చదువును కీర్తించే వ్యాఖ్యాతలు ఈ బాధను త్వరగా దాటిపోతారు. అతని కథనంలోని నిజాయితీకి ఇదే గట్టి సాక్ష్యం.

1836లో, బాల్టిమోర్‌కు దూరంగా పల్లెప్రాంతంలో పనిచేస్తూ, తప్పించుకోవాలని నిశ్చయించినప్పుడు అతడు తనకూ, తోటివారికీ ఈస్టర్ సెలవులు గడపడానికి బాల్టిమోర్ వెళ్లేందుకు యజమాని అనుమతించినట్టు పాసులు రాశాడు. పథకం బయటపడి పట్టుబడినప్పుడు, ఒకటి నిప్పులో వేశాడు, తోటివాడొకడు తన దాన్ని బిస్కెట్టుతో కలిపి మింగేశాడు. చేతిరాత దొరికితే అదే నేరానికి రుజువు అయ్యేది. 1838 సెప్టెంబరు 3న ఎట్టకేలకు రైలెక్కినప్పుడు అతని దగ్గర ఉన్నది ఒక నల్ల నావికుడి నుంచి అరువు తెచ్చుకున్న ధ్రువపత్రం. అందులోని పోలికలు డగ్లస్‌కు సరిపోవు. టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి దాని మీది ప్రభుత్వ ముద్ర చూసి తృప్తిపడ్డాడు.

చదువు వచ్చినంత మాత్రాన స్వేచ్ఛ చేతికి రాదనడానికి సాలమన్ నార్తప్ అనుభవం నిదర్శనం. న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా పుట్టి, చదువుకున్న ఆ వ్యక్తిని 1841లో మోసగించి లూసియానా తోటలకు అమ్మేశారు. పుస్తకంతో గాని, కలంతో గాని కనబడితే 100 దెబ్బలు తప్పవని ఎడ్విన్ ఎప్స్ అనే యజమాని అతన్ని బెదిరించాడు. తొమ్మిదేళ్ల తరువాత ఒక్క కాగితం సంపాదించి, మేపుల్ చెట్టు బెరడు ఉడికించి సిరా చేసుకుని, బాతు ఈకను కలంగా చెక్కుకుని, అర్ధరాత్రి నిప్పుల వెలుగులో రాసిన ఉత్తరాన్ని పోస్టు చేయమని ఒక తెల్ల కూలీకి అప్పగించబోతే, అతడు సంగతి యజమానికి చేరవేశాడు. నార్తప్ ఆ ఆరోపణ అబద్ధమని ఎప్స్‌ను నమ్మించి, ఉత్తరాన్ని కాల్చేశాడు. చివరకు 1852లో శామ్యూల్ బాస్ అనే కెనడా వడ్రంగి అతని తరఫున రాసిన ఉత్తరాలే 1853 జనవరిలో విడుదల తెచ్చాయి. అక్షరానికి తోడు కాగితం, సిరా, నమ్మదగిన చేయి, తపాలా కూడా కావాలి.

హారియెట్ జేకబ్స్ గ్రంథంలో అక్షరం రెండంచుల కత్తి. ఆమెకు చదవడం వచ్చునని తెలిసిన యజమాని జేమ్స్ నార్కమ్ వేధింపుల చీటీలు ఆమె చేతికి అందించేవాడు; స్త్రీల బానిసత్వంలో అక్షరాస్యత ఎలాంటి ప్రమాదాలు తెచ్చిపెట్టిందో ఇంత సూటిగా చెప్పిన గ్రంథం మరొకటి అరుదు. 1835 నుంచి 1842 దాకా ఆమె అమ్మమ్మ ఇంటి అటకలో, నిలబడడానికి వీలులేని ఇరుకు చోటులో దాగి ఉంది. ఆ అటకలోనే ఉండి, న్యూయార్క్‌లో రాసినట్టు ఊరు, తేదీ వేసిన ఉత్తరాలు రాసి, అవి ఆ నగరం నుంచే పోస్టయ్యేలా ఏర్పాటు చేసింది. ఆమె కొన్ని గజాల దూరంలోనే ఉండగా నార్కమ్ ఆమెను ఉత్తరాదిన ఉన్నట్టు నమ్మాడు. తనను వెంటాడిన అక్షరాన్నే ఆమె అతని మీదికి తిప్పింది.

ఇంత చేసినా రచయితల మాట నమ్మేవారు కావాలి. డగ్లస్ పుస్తకం శీర్షిక పుట మీద అతనే స్వయంగా రాసినదని ప్రకటించి, ముందు విలియం లాయిడ్ గారిసన్, వెండెల్ ఫిలిప్స్ అనే తెల్ల నిర్మూలనవాదుల, అంటే బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడినవారి, సాక్ష్యాలు చేర్చవలసి వచ్చింది. జేకబ్స్ మారుపేరుతో రాసిన గ్రంథాన్ని ఇరవయ్యో శతాబ్ది పరిశోధకులు చాలామంది కల్పిత నవలగా భావించగా, జీన్ ఫాగన్ యెలిన్ 1980లలో ఉత్తరాలూ, దస్తావేజులూ పరిశీలించి అది జేకబ్స్ రచనేనని నిరూపించారు.

అక్షరాస్యతను స్వేచ్ఛకు కొలబద్దగా చేసుకుంటే మరో అన్యాయం జరుగుతుంది. చదవడం రాని హారియెట్ టబ్మన్ పదేపదే మేరీలాండ్‌కు వెళ్లి సుమారు 70 మందిని విడిపించింది. డగ్లస్ పలాయనానికి డబ్బు సమకూర్చిన అన్నా మరీకి దాదాపు అక్షరాలు రావు. రాసినవారి వెనుక రాయలేనివారి తెగువ ఉంది. కథనాలను ఒంటరి వీరుల చదువు గాథలుగా బోధించే పాఠ్యక్రమాలు ఈ స్త్రీలను కనబడకుండా చేస్తున్నాయి. అది సరిదిద్దుకోవలసిన లోపం.

1865లో బానిసత్వం రద్దయిన తరువాత విముక్తులు అక్షరాన్ని మొట్టమొదట వాడుకున్న పనుల్లో ఒకటి, అమ్మకాల్లో చెదిరిపోయిన తమవారిని వెతకడం. 1870ల చివర నుంచి న్యూ ఆర్లియన్స్‌లోని ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్’ పత్రిక ‘తప్పిపోయిన ఆప్తులు’ అన్న శీర్షిక నడిపింది. తల్లి పేరు, యజమానుల పేర్లు, ఏ ఊళ్లో ఎవరు ఎవరికి అమ్మారో ఒక్కొక్కరు వరుసగా రాయించేవారు. చందాదారులు కానివారికి రుసుము 50 సెంట్లు. చదవలేనివారికి కూడా చేరేలా ఆ ప్రకటనలను ప్రార్థన వేదికల మీద బిగ్గరగా చదవాలని పత్రిక పాస్టర్లను కోరేది. ఇరవయ్యో శతాబ్ది మొదటి సంవత్సరాల దాకా ఆ ప్రకటనలు వస్తూనే ఉన్నాయి.