గణితాచార్యుని దినచర్య

మా వీధిలో నన్నందఱును లెక్కల మాస్టారందురు. నేను విశ్వవిద్యాలయములో ఆచార్యుడనని వారికి తెలియును గాని, అచ్చట నేను చేయు పని యేదియో తెలియదు. అందుచేత చీటిపాటలో ఎవరి కెంత రావలయునో తేల్చుటకును, కరెంటు బిల్లులో యూనిట్లు సరిచూచుటకును నా యొద్దకు వచ్చుచుందురు. ఆ లెక్కలు నేనంత వేగముగా చేయలేను. నా భార్య చేయును. అది చూచి వారు లోలోపల నవ్వుకొని పోవుదురు. మొన్న నొక పెద్దమనిషి, "లెక్కలన్నియు యంత్రములే చేయుచుండగా, ఇక తమరు దినమంతయు చేయునదేమి?" అని యడిగెను. ఈ రాత్రి నేను చెప్పబోవునది ఆయన ప్రశ్నకు సమాధానమే.

నాది అనువర్తిత గణితము. గాలికి, నీటికి, వేడిమికి, వ్యాధుల వ్యాప్తికి గణితము నన్వయించు శాఖ యిది. ఇందులో నా పాలికి వచ్చినది నీరు. బంగాళాఖాతములో తుపాను పుట్టినప్పుడు ఒడ్డున సముద్రమెంత యెత్తు లేచునో, అనగా ఉప్పెన యెంత రాగలదో లెక్కించుట నా పని.

ఉదయము అయిదు గంటలకు లేచి, ఏడు గంటల వఱకు కాగితమును పెన్సిలును ముందుంచుకొని కూర్చుందును. నిజమైన పని జరుగునది ఆ రెండు గంటలలోనే. చూచువారికి నేను సమీకరణములు వ్రాయుచున్నట్లు కనబడును. కాని నేను వ్రాయునది తక్కువ, కొట్టివేయునది యెక్కువ. ద్రవముల చలనమును తెలుపు మూల సమీకరణములను ఆయిలరను స్విట్జర్లండు పండితుడు 1757 లోనే ప్రకటించెను. వానిని ఉన్నవి ఉన్నట్లుగా సముద్రమంతటికిని సాధింపబూనుట మానవులకును సాధ్యము కాదు, యంత్రములకును సాధ్యము కాదు. కావున దేనిని విడువవచ్చును, దేనిని విడువరాదు అని ముందుగా నిర్ణయించుకొనవలయును.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఒడ్డునుండి 100 కిలోమీటర్ల దూరము వఱకు సముద్రము 20 మీటర్ల లోతే యున్నదనుకొనుడు. మన తీరము సరిగా ఇట్లుండదు. లెక్క కొఱకు అనుకొందము. ఆ 100 కిలోమీటర్లను ఒక మీటరు గుడ్డగా కుదించినచో, సముద్రపు మందము మిల్లీమీటరులో అయిదవ వంతగును. అనగా అది సన్నని పంచె వంటిది. ఇంత పలుచని నీటిలో పైకిని క్రిందికిని జరుగు చలనమును విడిచిపెట్టి, ప్రక్కలకు జరుగు చలనమును మాత్రము ఉంచుకొన్నను ముప్పు లేదు. అడుగున ఇసుకతో కలుగు రాపిడిని మాత్రము విడువరాదు. భూమి తిరుగుటయు మఱువరాదు.

ఇప్పుడీ నీటిపై గంటకు 144 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనునకు 40 మీటర్ల చొప్పున, గాలి ఒడ్డువైపునకు వీచుచున్నదనుకొనుడు. గాలి నీటిని ఒడ్డునకు త్రోయును. నీటి బరువు దానిని వెనుకకు లాగును. రెండును సమమైనప్పుడు నీటి మట్టము ఒడ్డువైపున కెత్తుగా వాలి నిలుచును. పెన్సిలుతో నాలుగు పంక్తులు వ్రాసినచో, ఒడ్డున నీరు సుమారు రెండున్నర మీటర్లు లేచునని తేలును. లోతు 10 మీటర్లే యైనచో ఆ యెత్తు రెట్టింపగును. 40 మీటర్లైనచో సగమగును. లోతైన సముద్రము కన్న లోతు తక్కువైన సముద్రమే ఒడ్డువారికి ప్రమాదకరమని నేను చెప్పగా చాలమంది నమ్మరు. తుపాను నడుమ వాయుపీడనము తగ్గుటవలన కూడ నీరు పొంగును గాని, మిల్లీబారు కొక్క సెంటీమీటరు చొప్పున, 50 మిల్లీబారులు తగ్గినను అది అరమీటరే. ఉప్పెనలో పెద్ద పాలు గాలిదే.

మఱి యంత్రమెందుకని అడుగవచ్చును. తీరము తిన్నగా నుండదు, గాలి ఒక్క దిక్కునుండియే వీచదు, తుపాను ఒక్కచోట నిలువదు. అందుచేత సముద్రపు పటమును 4 కిలోమీటర్ల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని నీటిని క్షణక్షణమునకును లెక్కింపవలసియుండును. ఆ క్షణమెంత పొడవుండవచ్చును? అల ఒక గడిని దాటిపోవుటకు పట్టు కాలమునకు మించరాదు. 40 మీటర్ల లోతులో అల సెకనునకు సుమారు 20 మీటర్లు పోవును గనుక అచ్చట 200 సెకన్ల గడువున్నది. 2500 మీటర్ల లోతులో 25 సెకన్లే. ఈ నియమము నతిక్రమించినచో అంకెలు పిచ్చియెత్తినట్లు పెరిగి, కొన్ని నిమిషములలో సముద్రము ఆకాశమునంటును. దీనిని కూరాంటు, ఫ్రీడ్రిక్సు, లెవీ యను మువ్వురు 1928 లో కనుగొనిరి. అప్పటికి ఎలక్ట్రానిక్ యంత్రము లింకను పుట్టలేదు.

పది గంటలకు తరగతి. నల్లబల్లపై సుద్దముక్కతో ఒక గంట వ్రాయుదును. "ఇది పరీక్షలో వచ్చునా?" అను ప్రశ్న వారమున కొక్కమారైనను వినబడును. మధ్యాహ్నము సమావేశములు, సంతకములు, పూరింపవలసిన పత్రములు. వానిని గూర్చి శ్రోతలకు విసుగు కలిగింపను. నాలుగు గంటలకు పరిశోధక విద్యార్థుల గదికి పోవుదును. అచ్చట మేము చేయు పనిలో ముప్పాతిక వంతు తప్పులు వెదకుట. లెక్క నడుచుట కష్టము కాదు. నడిచిన లెక్క సరియైనదని తెలిసికొనుటయే కష్టము.

రెండు సంవత్సరముల క్రిందట తీరప్రాంతపు పనులు చూచు ఒక ఇంజనీరుగారు నాకు జాబు వ్రాసిరి. ఒక పల్లెలో తుపాను షెల్టరు కట్టదలచితిమి, దాని నేల యెంత యెత్తున నుండవలయునో తెలుపుడని అందులో కోరిరి. ఆ పల్లెకు కొంచెము నైరృతిగా తీరము దాటు తుపానునొకదానిని కల్పించుకొని మేము లెక్క నడిపితిమి. మొదట నున్న నీటికిని తుదకు మిగిలిన నీటికిని బొట్టైనను తేడా రాలేదు. అంకెలు నిలుకడగా నుండెను. ఇంజనీరుగారికి తొందర, నాకును తొందర. శుక్రవారమునాడు జవాబు పంపితిని.

సోమవారము సాయంకాలము నా విద్యార్థిని యొకతె పటము చేత పట్టుకొని వచ్చెను. 1977 నవంబరు 19 వ తేదీ నాటి తుపానును అదే లెక్కలో పెట్టి చూచితినని చెప్పెను. ఆ తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటెను. సుమారు అయిదు మీటర్ల ఉప్పెన దివిసీమను ముంచెత్తెను. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఈ సంగతి తెలుగువారిలో తెలియనివారుండరు. ఆమెది దివిసీమ. ఆమె నాయనమ్మ ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకొని బ్రదికినది.

ఆమె పటమును నా బల్లపై పఱచి, "మాస్టారూ, ఇందులో మా ఊరు మునగలేదు" అనెను.

చూచితిని. తుపాను కేంద్రము చీరాల వద్దనే యుండెను. కాని నీరంతయు దానికి నైరృతిగా, ఒంగోలు వైపున, గుట్టగా నిలిచియుండెను. దివిసీమ దగ్గర సముద్రము వెనుకకు తగ్గియుండెను. మన గోళార్ధమున తుపానుగాలి గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగును. అందుచేత మన తీరమున కేంద్రమునకు ఉత్తరపు ప్రక్క గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును, దక్షిణపు ప్రక్క నేలనుండి సముద్రముమీదికి వీచును. మా పటములో ఇది అద్దములో చూచినట్లు తాఱుమారై యుండెను.

తప్పు కనుగొనుటకు రాత్రి పది గంటలైనది. సముద్రపు లోతుల పట్టికలో మొదటి వరుస దక్షిణపు కొసది. గాలి పట్టికలో మొదటి వరుస ఉత్తరపు కొసది. రెండింటిని ఒకే తీరున చదువుడని యంత్రమునకు చెప్పినది నేనే. తుపాను కేంద్రము గాలి పట్టికకు సరిగా నడుమ నుండుటచే, పట్టిక తలక్రిందైనను కేంద్రము చోటు మారలేదు. అందుచే అనుమానము రాలేదు. నీటి మొత్తమును సరిచూచు పరీక్ష కూడ దీనిని పట్టలేదు. తలక్రిందైన సముద్రములోను నీరంతే యుండును గదా! 1977 తుపానుతో ముందుగా పరీక్షింపవలసినది. నేను పరీక్షింపలేదు. ఆ పిల్ల ఎవరును చెప్పకుండగనే పరీక్షించెను.

గాలి పట్టికను సరిచేసి పల్లె లెక్కను మరల నడిపితిమి. క్రొత్త ఫలితము పాతదాని కన్న నిలువెత్తు మనిషికి పైగా ఎక్కువ వచ్చెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లూయీ ఫ్రై రిచర్డ్సను జ్ఞప్తికి వచ్చెను. ఆ యాంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులో గాయపడినవారిని చేరవేయు బండి నడుపుచు, తీరిక దొరకినప్పుడెల్ల 1910 మే 20 వ తేదీ నాటి వాతావరణమును చేతితో లెక్కించెను. ఆఱు గంటలలో పీడనము 145 మిల్లీబారులు మారునని ఫలితము వచ్చెను. ఆనాడు నిజముగా పీడనము మారనే లేదనవచ్చును. ఆ వ్రాతప్రతి 1917 లో యుద్ధపు కలకలములో పోయి, కొన్ని నెలలకు బెల్జియములో నొక బొగ్గుకుప్ప క్రింద దొరకెను. దొరకినదానిని ఆయన దాచలేదు. 1922 లో ప్రకటించిన తన గ్రంథములో ఆ తప్పు ఫలితమును ఉన్నదున్నట్లు అచ్చువేయించెను. తరువాతివారు ఆ లెక్కను విప్పి చూచి, పద్ధతి సరియైనదే, మొదట తీసికొన్న గాలి కొలతలలోనే పొందిక లేదని గ్రహింపగలిగిరి. నా తప్పులో అంతటి శాస్త్రమేమియు లేదు. అది కాగితమును తలక్రిందుగా పట్టుకొనుట వంటిది. అయినను చెప్పవలసినదే గదా.

ఉదయమున ఇంజనీరుగారికి ఫోను చేసితిని. కొంతసేపు వారు మాటలాడలేదు. పిమ్మట, "పాత యెత్తుకు అంచనా వేసి పైకి పంపితిమండీ. మీ లెక్క మారినంత తేలికగా మా అంచనాలు మారవు" అనిరి. వారి కోపము న్యాయమైనదే. పునాది ఇంకను త్రవ్వలేదని విన్న తరువాతనే నేను కుర్చీలో కూర్చుంటిని. అంచనా మారుటకు నాలుగు నెలలు పట్టినది. ఈ నడుమ వారి పై అధికారికి నేను రెండు జాబులు వ్రాసి, తప్పు నాదేయని సంతకము చేసితిని.

రెండవ పర్యాయము నేను పంపినది ఒక్క అంకె కాదు, రెండు. తుపాను పాటు వేళ వచ్చినచో నొక యెత్తు. పోటు వేళ వచ్చినచో మఱియొక యెత్తు. అమావాస్యకును పున్నమికిని మన తీరమున పోటు పాటుల తేడా మీటరునకు పైగా నుండును. తుపాను ఏ గడియలో వచ్చునో ముందుగా చెప్పగలవారు లేరు. "ఒక్కటి చెప్పరాదా?" అని ఇంజనీరుగారు విసుగుకొనిరి. రెండింటిలో పెద్దదానికి కట్టుడంటిని. వారట్లే కట్టించిరి.

మా లెక్కలో మఱియొక లోపమున్నది. తీరరేఖ వద్ద నిలువుగోడ యున్నట్లు భావించి, నీరక్కడ ఆగినట్లు లెక్కించుచున్నాము. నిజమైన నీరు ఆగదు. మొగలగుండ, కాలువలగుండ పొలములలోనికి పోవును. ఎంత యెత్తు లేచునో మేము చెప్పగలము గాని, ఎంత దూరము వచ్చునో చెప్పలేకున్నాము. పల్లెవారికి కావలసినది ఆ రెండవదే. ఆ గోడను తీసివేయుట ఇప్పుడా విద్యార్థిని పరిశోధనాంశము. అందుకై 1977 లో నీరెక్కడి వఱకు వచ్చినదో తెలియవలయును. గత మాసమున ఆమె టేపు తీసికొని తన ఊరికి పోయి, పెద్దలు చూపిన గుర్తులను ఒక్కొక్కటిగా కొలిచి వచ్చెను. నాయనమ్మ పట్టుకొన్న తాటిచెట్టు ఇప్పుడు లేదట. ఆ చోటు మాత్రము ముసలామె వ్రేలితో చూపినదట.

ఆ పట్టిక నా బల్లమీద నున్నది. మొదటి వరుసలో, "నాయనమ్మ ఇల్లు: చూరు వఱకు" అని యున్నది. కాగితపు పై అంచున ఎఱ్ఱసిరాతో పెద్ద అక్షరములలో "ఇటు ఉత్తరము" అని వ్రాసినది.